ఒకే మూసలో రెండిళ్ళ బంగారం

కుంపటి మీద గోనెసంచి కప్పి అది మూడో రోజు.

రామచంద్రం నలభై రెండేళ్ళుగా హఫీజ్‌పేట్ పాత ఊళ్ళో కంసాలి పని చేస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన కుంపటి చల్లారింది రెండే సార్లు. తల్లి పోయినప్పుడొకసారి, లాక్‌డౌన్‌లో బొగ్గు దొరకనప్పుడొకసారి. ఇప్పుడు ఇంట్లో ఎవరూ పోలేదు, బొగ్గుకూ కొదవ లేదు. పైగా ఆదివారం కూతురి పెళ్ళి. అయినా ఆయన ముందుగదిలో కుంపటి మీద సంచి కప్పి, తాళం వేసినట్టు దానిమీద తన కళ్ళద్దాల పెట్టె ఉంచి, వాకిట్లో కుర్చీ వేసుకుని ఎదురుగా లేస్తున్న ఇరవయ్యారంతస్తుల టవర్‌ని చూస్తూ కూర్చున్నాడు.

టవర్ మీద ఆయనకు ముచ్చటేమీ లేదు. ఇంటివైపు తిరిగితే కోడలు కనిపిస్తుంది, అంతే.

ఆ కోడలు నీహారికతో మంగళవారం నుంచి ఆయన అన్నది ఒకే ఒక్క మాట. "ఇగ ఈ ఇంట్ల నువ్వు బంగారం ముట్టకు." అనేసి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. తిట్టినా బాగుండేదని నీహారిక అనుకుంది. తిట్టే మనిషి కాసేపటికి అలిసిపోతాడు. ఈ మౌనానికి అలిసిపోయే లక్షణాలేవీ కనిపించడం లేదు.

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఉద్యోగం వదిలేసి, నాలుగేళ్ళ కిందట ఆమె మామగారి కుంపటి ఎదుట పీట వేసుకుంది. కొడుకు మధుకర్ ఆ కుంపటి మొహం చూడకుండా కంప్యూటర్ల వైపు వెళ్ళిపోయాడు. పాలకొల్లు నుంచి వచ్చిన కోడలు పని అందుకోవడం రామచంద్రానికి లోపల గర్వమే. పైకి మాత్రం టైంపాస్‌కు చేస్తుందని అందరికీ చెప్పేవాడు.

ఆమె నగలు ఆయన నగల్లా ఉండవు. సెలవు దొరికితే అడవులకూ గుట్టలకూ పోతుంది. అనంతగిరిలో చెట్టు బెరడు మీద, నర్సాపూర్ అడవిలో ఎండిన వాగు అడుగున, ఊరి చుట్టూ మిగిలిన బండల మీద వెచ్చటి మైనం ఒత్తి అచ్చు తీసుకొస్తుంది. ఆ మైనం చుట్టూ సుద్దముద్ద పెట్టి కాలిస్తే మైనం కారిపోయి లోపల ఖాళీ మిగులుతుంది. అందులోకి వెండో బంగారమో పోస్తుంది. బండ మీది ప్రతి పగులూ ప్రతి గరుకూ నగ మీదికి వస్తుంది. ఒక మైనానికి ఒకే నగ. ఏసీ గదుల్లో కూర్చునే హైటెక్ సిటీ ఆడపిల్లలు ఆ గుట్టల్నీ వాగుల్నీ చెవులకు వేలాడేసుకుని తిరుగుతారు. జనం నునుపు కోసం నా దగ్గరికొస్తే నువ్వు గరుకు అమ్ముతున్నావని మామగారు ఆటపట్టించేవాడు. ఆ ఆటపట్టింపులు లేక ఇల్లు బోసిపోయింది.

తప్పు జరిగింది పుస్తెల దగ్గర.

ఆడపడుచు బుజ్జి, పెళ్ళికొడుకు ఆకాష్ నానక్‌రాంగూడలో ఎదురెదురు ఆఫీసుల్లో పనిచేసేవారు. రెండు ఆఫీసులకూ వెనక తాబేలుబండ అని ఒక పెద్ద రాయి ఉండేది. మధ్యాహ్నం డబ్బాలు పట్టుకుని అక్కడికే వెళ్ళేవారు. రెండేళ్ళు ఆ బండ మీద అన్నం తిని, చివరికి పెళ్ళి చేసుకుందామనుకున్నారు. నిరుడు ఎవరో బిల్డర్లు ఆ బండను పేల్చేశారు. అంతకు వారం ముందు నీహారిక దాని మీద రెండు మైనపు అచ్చులు తీసింది. ఆ బండ ఒంటి నుంచి లోకంలో మిగిలినవి ఆ రెండే. నా పుస్తెలు వాటితోనే చెయ్యి వదినా అని బుజ్జి అడిగింది. పుస్తెలకు పోత ఏమిటని రామచంద్రం నాలుగు రోజులు గొణిగి, కూతురి మొహం చూసి ఊరుకున్నాడు.

పెళ్ళికూతురి మెడలో ఎడమవైపు పుట్టింటి పుస్తె ఒకటి, కుడివైపు అత్తింటి పుస్తె ఒకటి. ఏ ఇంటి బంగారంతో ఆ ఇంటి పుస్తె. ఆ రెండూ కలవాల్సింది పెళ్ళిపీటల మీద, ఒకే పసుపుతాడుకు ఎక్కినప్పుడు. నిజాంపేట నుంచి ఆకాష్ నానమ్మ అమ్మణ్ణి ఒక చిన్న సూత్రం పంపింది. అది ఆకాష్ తల్లిది. వాడికి ఏడేళ్ళప్పుడు పసుపు కుంకుమలతో పోయిన మనిషి. దాన్ని ఇరవై ఏళ్ళు బీరువాలో దాచింది అమ్మణ్ణి. అది కరిగించి అత్తింటి పుస్తె చెయ్యాలి. పుట్టింటి దానికి రామచంద్రం తన ఉంగరం ఇచ్చాడు.

సోమవారం ఆయన పెళ్ళి కార్డులు పంచడానికి బాలానగర్ వెళ్ళాడు. నీహారిక పోతకు కూర్చుంది. ఒక్కో పుస్తెకు సరిపడేంత బంగారాన్ని విడివిడిగా పోస్తే, అచ్చు చివరిదాకా పారకముందే చల్లబడి గట్టిపడుతుంది. నాలుగేళ్ళ అనుభవంలో అది ఆమెకు బాగా తెలుసు. అందుకని రెండు అచ్చుల్నీ ఒకే కాడకు అతికించి, సూత్రాన్నీ ఉంగరాన్నీ ఒకే మూసలో వేసి కరిగించి, ఒకేసారి పోసింది.

పుస్తెలు అద్భుతంగా వచ్చాయి. మంగళవారం పొద్దున రామచంద్రం వాటిని అరచేతిలో వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, చాలాసేపు చూసి, ఇందులో ఏది ఎవరిదని అడిగాడు.

సుత్తితో కొట్టి చేసేవాడికి ఏ ముద్దకు ఆ ముద్ద విడిగానే ఉంటుంది. కలిపే అవసరమే రాదు. అందుకే కలపకూడదని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా ఎవరికీ చెప్పలేదు.

ఇదీ కథ. ఇవాళ గురువారం. తమ పుస్తె తీసుకెళ్ళి దేవుడి దగ్గర పెట్టుకోవడానికి నాలుగింటికి అమ్మణ్ణి వస్తోంది.

మధ్యాహ్నం మధుకర్ మెడలో హెడ్‌ఫోన్ వేసుకుని గదిలోంచి బయటికొచ్చాడు. ఇంటినుంచే ఆఫీసు పని. మీటింగుకూ మీటింగుకూ మధ్య ఎనిమిది నిమిషాలు దొరికాయి, ఆ ఎనిమిది నిమిషాల్లో ఇంటి సమస్య తేల్చేద్దామని వచ్చాడు. బంగారం బంగారమే, ఒకటి అమ్మణ్ణి చేతిలో పెట్టి ఇదే మీదంటే పోలా, ఆవిడేమైనా ల్యాబుకు పంపుతుందా అన్నది అతని వాదన. పోనీ మళ్ళీ కరిగిద్దామంటే, కరిగితే తాబేలుబండ పోతుందని బుజ్జి ఏడుపు. పోతే పోనీ అనుకున్నా లాభం లేదు, కలిసిన బంగారం ఎంత కరిగించినా విడిపోదు.

వాకిట్లోంచి రామచంద్రం అందుకున్నాడు. కొడుకుతోనే అన్నాడు గానీ వినిపించాల్సింది ఎవరికో అందరికీ తెలుసు.

"రెండిండ్ల పుస్తెలు ఒక్క మూస బంగారంతోని చేసుడు ఈ చేతుల ఎన్నడు గాలే. ఒక్క దినం గూడ గాలే."

వంటింటి గడపలో ఆయన భార్య నీలమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మూడు రోజులుగా ఈ గొడవలో ఆమె ఏ పక్షమూ పట్టలేదు. ఇప్పుడు కాయల మీంచి చూపు తిప్పకుండానే అంది.

"ఎన్నడు గాలేదా? ఆరేండ్ల కిందిది జర యాది జేస్కో."

రామచంద్రం కుర్చీని ఇంకాస్త టవర్ వైపు తిప్పుకున్నాడు. మధుకర్‌కు అర్జెంటుగా మీటింగు గుర్తొచ్చి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బుజ్జి గోడకు ఆనుకుని తల్లివైపూ తండ్రివైపూ మార్చి మార్చి చూసింది.

ఆరేళ్ళ కిందట జరిగిన పెళ్ళి ఆ ఇంట్లో ఒకటే. నీహారిక చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్ళింది.

ఇష్టపడి చేసుకున్న ఆ పెళ్ళికి ఆమె పుట్టింటివాళ్ళు ఎవరూ రాలేదు. తండ్రి సీతారామయ్య కూతురు లేదనుకుంటానని కబురు పెట్టాడు. పెళ్ళి పొద్దున రామచంద్రం ఆమెను పక్కకు పిలిచి, ఎడమవైపు పుస్తెకు మీ అమ్మే చాటుగా బంగారం పంపిందని, ఎవరితోనూ, చివరికి తనతో కూడా ఆ మాట ఎత్తొద్దందని చెప్పాడు. ఈ మధ్య రెండేళ్ళుగా తల్లి పండగలకు ఫోన్ చేస్తోంది. మోకాళ్ళ నొప్పుల గురించీ వానల గురించీ మాట్లాడుతుంది. నీహారిక మాటిచ్చినట్టే ఏనాడూ ఆ సంగతి ఎత్తలేదు. తల్లి మీద బెంగ కలిగినప్పుడు ఎడమవైపు పుస్తె పట్టుకునేది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

"అత్తయ్యా, మా అమ్మ పంపలేదా?"

నీలమ్మ చిక్కుడు గింజలు గిన్నెలోకి రాల్చింది. "నా మెడల బంగారు గుండ్లపేరు కరిగించిండు. ఒక్క ముద్ద. గదాన్నే రెండు జేసిండు." ఇంకేదో అనబోయి, కుంపటి మీది కళ్ళద్దాల పెట్టె వైపు చూసి ఆగిపోయింది.

నీహారికకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేక వెంటనే సిగ్గు వేసింది. ఆరేళ్ళు తల్లి అనుకుని పట్టుకున్నది అత్తగారి గుండ్లపేరు. నీలమ్మ మెడలో నల్లపూసలు తప్ప ఇంకేమీ ఉండకపోవడం ఇన్నాళ్ళూ ఆవిడ అలవాటనే అనుకుంది. ఆమె వాకిట్లోకి వెళ్ళి కుర్చీకి ఎదురుగా, టవర్‌కు అడ్డంగా నిలబడింది.

"ఎందుకలా చెప్పారు మామయ్యా?"

ఆయన ఆమె కాళ్ళవైపే చూశాడు. మూడు రోజుల తర్వాత ఆమెతో మాట్లాడాడు.

"పెండ్లి ముందటి మూడు దినాలు నువ్వు అన్నం తినలే బిడ్డా."

ఆమె జరిగి కుర్చీ పక్కన నిలబడింది. ఇద్దరూ ఒకే టవర్‌ని చూశారు.

లోపల్నుంచి నీలమ్మ గొంతు వినిపించింది. "అబద్ధం చెప్పొస్తది గదా నీకు. నాలుగింటికి గా ముసలామెకు గూడ చెప్పు."

అమ్మణ్ణి నాలుగింటికి పది నిమిషాల ముందే వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, నేత చీర, చేతిలో ఊతకర్ర. వెనక పూలబుట్టతో ఆకాష్. నిజాంపేట నుంచి ఇక్కడికి ట్రాఫిక్‌లో గంట పట్టిందనీ, ఈ ఊళ్ళో దేవుడికన్నా ట్రాఫిక్‌కే భయపడాలనీ చెప్పి, మజ్జిగ తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, ఇక తెమ్మంది.

రామచంద్రం వెండిపళ్ళెంలో పసుపుగుడ్డ పరిచి రెండు పుస్తెలూ పెట్టి తెచ్చాడు. అమ్మణ్ణి ఒకదాన్ని తీసుకుని బొటనవేలితో రాసింది.

"ఇదేంటండీ, గరుగ్గా ఉంది. మెరుగు పెట్టలేదా?"

అది తాబేలుబండ అని ఆకాష్ చెప్పాడు. తాము అన్నం తిన్న చోటంటూ, ఈ గీత బండ మధ్య పగులంటూ, ఈ చుక్కలు వానకు పడ్డ గుంటలంటూ వేలితో చూపించాడు. అమ్మణ్ణి మనవడు చెప్పిందంతా విని, బండనేనా మెడలో కట్టేదని అడిగి, సరేలే, రాయిలా నిలబడాలని కాబోలు అని తనకు తనే సర్దిచెప్పుకుంది. తర్వాత రామచంద్రం వైపు తిరిగింది.

"ఇందులో మాదేదండీ?"

బుజ్జి గోళ్ళు కొరుక్కుంటోంది.

"కుడిదిక్కుది మీదమ్మా" అన్నాడు రామచంద్రం.

అనేసి కుంపటి దగ్గరికి నడిచాడు. కళ్ళద్దాల పెట్టె తీసి జేబులో వేసుకుని, గోనెసంచి లాగి మడతపెట్టి గోడకు ఆనించాడు. ఆ పని చేస్తున్నంతసేపూ కోడలి వైపు చూడలేదు. చూడక్కర్లేకుండానే నీహారికకు అర్థమైంది. గొడవ అయిపోయింది. రేపు పొద్దున ఆ పీట మీద ఆమె మళ్ళీ కూర్చోవచ్చు. మూడు రోజులుగా ఆమెకు కావలసింది అదొక్కటే. నోరు మూసుకుని ఉంటే చాలు, అది దొరికినట్టే.

అమ్మణ్ణి కుడివైపు పుస్తెను గుడ్డలో పెట్టి ముడివెయ్యబోతూ ఆగి, మనవడి ముందు పట్టింది.

"ముట్టుకోరా. మీ అమ్మ."

ఆకాష్ చూపుడువేలితో దాన్ని తాకి కళ్ళు మూసుకున్నాడు. ముప్పై ఏళ్ళకు దగ్గరపడిన మగవాడు, ఇంతమంది ముందు, ఏడేళ్ళ పిల్లవాడిలా కళ్ళు మూసుకున్నాడు. తన ఎడమవైపు పుస్తె మీద నీహారిక వేలు కూడా ఆరేళ్ళుగా సరిగ్గా అలాగే ఉంటూ వచ్చింది. ఎప్పుడో ఒకనాడు ఎవరో చిక్కుడుకాయలు ఒలుస్తూ ఒక మాట అంటారు. ఆ రోజు ఆకాష్ ఎందుకలా చెప్పారని అడిగితే బుజ్జి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

"మామ్మగారూ, ఒక్క నిమిషం కూర్చోండి" అంది.

రామచంద్రం తల అడ్డంగా ఊపాడు. ఆమె చూసి కూడా ఆగలేదు. రెండిళ్ళ బంగారమూ ఒకే మూసలో పోశానని, కలిసిపోయిందని, విడదియ్యడం ఎవరివల్లా కాదని చెప్పింది. పోసింది తనే, పోసేటప్పుడు మామగారికి తెలియదు అని కూడా చెప్పింది.

అమ్మణ్ణి కూర్చుంది. గుడ్డ విప్పి రెండు పుస్తెల్నీ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుంది.

"తెలిసే చేశావా?"

"తెలియక చేశానండి. తెలిసి మూడు రోజులైంది."

"మా కోడలు ఎందులో ఉంది?"

"రెండింట్లోనూ ఉన్నారండి."

ముసలావిడ రెండింటినీ బొటనవేలితో మళ్ళీ రాసింది. ఆకాష్ నానమ్మ అని పిలవబోతే చెయ్యెత్తి ఆపింది. చివరికి రామచంద్రం వైపు తిరిగి, మీరు పెద్దవారు, మీకిది తగునా అని మెల్లగా అడిగింది. ఆయన నీహారిక వైపు చూసి, ఇంటి పిల్ల కదమ్మా అని మాత్రం అన్నాడు. అమ్మణ్ణి ఆ జవాబును కాదనలేదు, ఔననలేదు. రెండు పుస్తెల్నీ గుడ్డలో పెట్టి గట్టిగా ముడివేసింది.

"మా కోడల్ని సగం చేసి ఇక్కడ వదిలి వెళ్ళనండి. రెండూ నేనే తీసుకెళ్తాను. ఒకటి ఆదివారం వీడు కడతాడు. రెండోది నా బీరువాలో ఉంటుంది, నా తర్వాత ఈ పిల్లకే. మీ ఉంగరం అందులో ఉందంటారా, మా ఇంటికొచ్చే పిల్ల బంగారమేగా, ఉండనివ్వండి. పుట్టింటి పుస్తె మాత్రం మీరు వేరే చేసి తీసుకురండి. మా బంగారం పొడి కూడా అందులో తగలకూడదు. అది లేకుండా పీటల మీద కూర్చోం."

గడప దగ్గర ఆగి ఇంకో మాట అంది. "పోతలు వద్దు. సుత్తితో కొట్టించండి."

ఆకాష్ బుజ్జి వైపు ఒకసారి చూసి, నానమ్మ చెయ్యి పట్టుకుని కారు ఎక్కించాడు. కారు సందు మలుపు తిరిగింది.

రామచంద్రం తన రెండు చేతులూ ముందుకు చాచి చూసుకున్నాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. నిరుటి నుంచీ అంతే. ముక్కుపుడక అతుకు కూడా కోడలి చేతే పెట్టిస్తున్నాడని ఊళ్ళో ఎవరికీ తెలియదు. పుస్తె కొట్టడం ఆ చేతులతో అయ్యే పని కాదు. కొట్టడం కోడలికి రాదు. ఆమెకు వచ్చింది బండల మీద మైనం ఒత్తడం, పొయ్యడం.

నగలు కొట్టే ఇనుపదిమ్మె, దాగలి మీద ఏదో టక్కుమని పడింది. నీలమ్మ చెవి కమ్మ. ఒక చెవిదే. పెట్టినామె ఏమీ అనకుండా చిక్కుడు గింజల దగ్గరికి వెళ్ళిపోయింది.

రామచంద్రం బొగ్గులు వేసి కుంపటి రాజేశాడు. కమ్మను మూసలో వేసి, కరిగి ముద్దయ్యాక తీసి చల్లార్చాడు. ముద్దను దాగలి మీద పెట్టి, తన సుత్తిని నీహారిక వైపు తిప్పి పెట్టాడు. ఆ సుత్తిని ఇంతవరకూ ఆయన తప్ప ఎవరూ ముట్టలేదు.

"కూసో."

"నాకు కొట్టడం రాదు మామయ్యా."

"ఎరుకే. బండ మీద చెయ్యి పెట్టి చూస్తవు గదా, ఎక్కడ గట్టిగున్నది, ఎక్కడ పగులున్నదని. గట్లనే చూడు. చెయ్యి వణికితే అంచు పగులుతది. ఇది పగిలితే మీ అత్తకు ఇంకో కమ్మ ఉన్నది. గది గూడ పగిలితే ఇగ ఈ ఇంట్ల బంగారం లేదు."

నీహారిక పీట మీద కూర్చుంది. ముందుకు వంగితే మెడలోని పుస్తెలు రెండూ దాగలికి తగిలాయి. తీసి డ్రెస్సు లోపలికి వేసుకుంది.

"ఒక్క సంగతి చెప్పండి మామయ్యా. మా అమ్మ నిజంగా ఏమీ పంపలేదా?"

బుజ్జి తలెత్తింది. వంటింట్లో గింజల చప్పుడు ఆగిపోయింది.

రామచంద్రం జేబులోంచి కళ్ళద్దాల పెట్టె తీశాడు. అద్దాలు పక్కన పెట్టి, కింద ఉన్న మెత్తటి గుడ్డను గోటితో పైకి లేపాడు. గుడ్డ అడుగున నాలుగు మడతల కాగితం ఉంది. మడతల దగ్గర చివికిపోయింది. పైన నీహారిక పేరు గుండ్రటి అక్షరాల్లో ఉంది. ఆ అక్షరాలు ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

"బంగారం పంపలే బిడ్డా. ఇది పంపింది. పెండ్లికి ముందటి దినం వచ్చింది. సదివి, నువ్వు తట్టుకోలేవని నీకియ్యలేకపోయిన."

కాగితాన్ని దాగలి పక్కన నేల మీద పెట్టి, గాలికి కదలకుండా దానిమీద పట్టకారు ఉంచాడు.

"పుస్తె అయినంక సదువు. ముందు సదివితే చెయ్యి నిలువది."

నీహారిక కాగితం వైపు చూడకుండా సుత్తి ఎత్తింది.